రెండు గొట్టాలు

రోహిణి కార్తె రెండో రోజు.
నరసాపురం కాలువ కట్టేసి నెల దాటింది.
అడుగు బురద నెర్రెలిచ్చి
ఒక చెప్పు, రెండు సీసాలు, ఎవరిదో హెల్మెట్ బయటపడ్డాయి.
పాలకొల్లులో, లాకుల పక్క సందులో
నా కొట్టుకి కిటికీ ఒక్కటే.

రత్నశాంతి స్కూటీ మీద తెచ్చింది కంప్యూటర్ని,
పనసకాయకి చుట్టినట్టు గోనె చుట్టి.
"పెళ్ళి వీడియో అండీ.
జీలకర్ర బెల్లం దాకా బానే వత్తాది.
తాళి దగ్గరికొచ్చేసరికి తొంభై ఎనిమిది డిగ్రీలు,
టప్పుమని ఆరిపోద్ది.
మూడుసార్లు చేశాను. మూడుసార్లూ
ఆ అబ్బాయి చేతులు గాల్లోనే ఉండిపోయాయి."

పక్క రేకు విప్పాను.
ప్రాసెసర్ నెత్తిన గుండ్రటి మూత,
మూతలోంచి రెండు నల్ల గొట్టాలు,
గొట్టాల చివర దువ్వెన పళ్ళలాంటి రేకుల రేడియేటరు,
దాన్నానుకుని మూడు ఫ్యాన్లు,
తీర్థంలో రంగులరాట్నంలా లైట్లేసుకుని తిరుగుతున్నాయి.
లోపల కంపెనీ వాడు సీలేసి పంపిన నీళ్ళు.
విప్పకూడదు, పొయ్యకూడదు, చూడకూడదు.
గట్టిగా చెంబుడు కూడా ఉండవు.
అవే వెళ్ళి అవే రావాలి,
చచ్చేదాకా.

చెయ్యి పెట్టాను. ఒక గొట్టం కాలిపోతోంది.
రెండోది చల్లగా, తెల్లారుజాము ఇసకలా.
పంపు పోయిందమ్మా, పదకొండు వేలు
అని చెప్పబోతున్నాను

అరుగు మీద చుట్ట ఆర్పి లేచాడు లస్కరు తాతబ్బాయి.
ముప్పై ఏళ్ళుగా లాకు తలుపులు తిప్పుతున్న మనిషి.
కాలువ కట్టేసిన రోజుల్లో
నా ఫ్యాను కిందే అతని డ్యూటీ.
వంగి చెవి ఆనించాడు.
"గుడగుడమంటందయ్యా. ఇను."
నిజమే. అడుగంటిన సోడా సీసా గొంతు.
"నీళ్ళున్నాయి. పారట్లేదంతే.
ఉండ్డం వేరు, పారడం వేరు. శివారోళ్ళనడుగు,
కాలవ నిండా కనపడతాయి, చేలోకి చుక్క దిగదు.
ఎక్కడో గాలి కూకుంది.
గాలెప్పుడూ ఎత్తుకే పోద్ది.
ఇందులో ఎత్తెక్కడ?"

చూశాను.
బిగించినవాడెవడో రేడియేటర్ని అడుగున పెట్టాడు,
అందంగా ఉంటుందని.
ఎత్తు పంపుదే.
ఎంత సీలేసినా నాలుగేళ్ళుగా
రబ్బరులోంచి కంటికి కనపడకుండా నీరు ఇగిరి
ఆ ఖాళీలో పుట్టిన బుడగ
వచ్చి సరిగ్గా చక్రం తిరిగేచోట కూర్చుంది,
పంచాయతీ కుర్చీలో ప్రెసిడెంటు బావమరిదిలా.

మరలు విప్పి రేడియేటర్ని పైకెక్కించాను.
ఎండిన పేస్టు దూదితో తుడిచి
స్వర్ణ గింజంత కొత్తది పెట్టాను.
నేనో పక్క, రత్నశాంతో పక్క పట్టుకుని
పెట్టెని అటొంచి ఇటొంచి,
"నిమ్మళంగా, నిమ్మళంగా" అంటూ తాతబ్బాయి
లాకులోంచి పడవ దాటించే గొంతుతో.
గుడ గుడ.
గుడ.
తర్వాత ఏమీ వినపడలేదు.

రెండు గొట్టాలూ గోరువెచ్చన.
అరవై రెండు. అరవై నాలుగు. అక్కడ నిలిచింది.
తెరమీద ఆ అబ్బాయి చేతులు కిందికి దిగాయి,
ముళ్ళు పడ్డాయి,
పట్టుకున్న అక్షింతలన్నీ జనం ఒక్కసారే వదిలారు.
రత్నశాంతి చున్నీతో మెడ తుడుచుకుంది.
రెండొందలు చాలన్నాను. మూడొందలిచ్చింది.

అప్పుడు తెలిసింది, కొట్టంతా కాగిపోతోందని.
ఆ వేడి ఎక్కడికీ పోలేదు.
చిప్పు మీంచి నీళ్ళకి, నీళ్ళనుంచి రేకులకి,
రేకులనుంచి సూటిగా నా మొహానికి.
"అయితే శివారు నీదన్నమాట"
నవ్వాడు తాతబ్బాయి.

చుట్ట వెలిగించుకుంటూ మళ్ళీ అడిగాడు:
"ఈ నీళ్ళు ఎప్పటికీ సముద్రం చూడవా?"
చూడవన్నాను.

"పాపం" అన్నాడో, "అదృష్టం" అన్నాడో,
ఫ్యాన్ల చప్పుడులో
సరిగా వినపడలేదు.